కొండకు రాసిచ్చిన హార్బర్ గాలి

మా వీధి చివర ఇస్త్రీ బండి అతను చొక్కా చేతులకు రెండేసి మడతలు పెడతాడు. ఒకటి ఉండాల్సిన చోట, రెండోది దానికి అంగుళం దూరంలో, సాక్షి సంతకంలా. అడిగితే "మీ చొక్కాకి భుజం వంకరండి" అంటాడు. భుజం నాది కదా, చొక్కాది ఎలా అవుతుంది అని వాదించే ఓపిక నాకు లేదు. నిజానికి ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు. అవి మా ఆవిడ చీరల మధ్య పొరపాటున వెళ్ళిన చొక్కాలు. తిరిగి రాగానే వాటిని బకెట్లో ముంచి, పిండి, దండెం మీద ఆరేసి, ముడతలతోనే తొడుక్కుంటాను. తొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు నేను. ఆఫీసులో దీన్ని నిరాడంబరత అంటారు. మా ఆవిడ బద్ధకం అంటుంది. ఇద్దరిలో మా ఆవిడే నిజానికి కొంచెం దగ్గరగా ఉంది.

అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్ళు మోశాను. మోశాను అనడం పెద్ద మాటేమో. బరువులు మోసేవాళ్ళను రోజూ చూసే పోర్టు ఊరు మాది. ఇక్కడ ఆ మాట వాడాలంటే కాస్త సిగ్గుండాలి. నాది అలాంటి బరువు కాదు. పంటి సందున ఇరుక్కున్న చేపముల్లు లాంటిది. అన్నం తినడం ఆగదు. మాట్లాడటం ఆగదు. జోకులు వేయడం అసలే ఆగదు. నాలుక మాత్రం ఉండుండి అక్కడికే వెళ్తుంది.

మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. నా పేరు రాయడం లేదు. ఇది జరిగిన కొండ ఊరి పేరూ రాయను. ఇందులో ఒకతనికి చిన్నయ్య అని పేరు పెట్టాను, అది అతని అసలు పేరు కాదు. అతని పేరును ఇప్పటికే ఒకసారి పాడుచేశాను. ఇంకోసారి వాడుకోవడం బాగుండదు.

అప్పట్లో కరెంటు తీగ చేరని ఊళ్ళకు కరెంటు ఇచ్చే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఇప్పుడా కంపెనీ లేదు. మేం చేసే పని సూత్రం తేలికైనది. ఎండాకాలం సూర్యుడు పనిచేస్తాడు. వానాకాలం ఆయన సెలవు పెడితే గాలి డ్యూటీ ఎక్కుతుంది. సోలార్ పలకలూ గాలిమరలూ కలిపి ఒకే బ్యాటరీ గదికి కలిపితే, ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పనిలో ఉంటారు. స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్ళో ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఎ షిఫ్టు వాడు దిగేలోగా బి షిఫ్టు వాడు గేటు దగ్గర ఉండాలి. అంతే.

ఆ ఊరు పాడేరు అవతల. జీపు పోయినంత దూరం పోయి, దిగి గంటన్నర నడవాలి. నాలుగు వైపులా కొండలు, మధ్యలో గిన్నె అడుగులాంటి చోట ముప్పై గడప. మేం దీపాలిస్తాం అంటే మగవాళ్ళు తలూపారు. ఆడవాళ్ళు మాత్రం పిండిమర అడిగారు. మైదానంలో మనం రాగులనేవాటిని అక్కడ చోళ్ళు అంటారు. వారానికోసారి సంతకు మోసుకెళ్ళి, వరసలో నిలబడి, పిండి పట్టించుకుని, మళ్ళీ కొండెక్కుతారు. ఊళ్ళోనే మర ఉంటే ఆ ఒక్క రోజు మిగులుతుంది. వాళ్ళకు కరెంటు అంటే అదీ.

నా పని ఆ ఊళ్ళో గాలి ఎంత వీస్తుందో కొలవడం. పొడవాటి గొట్టం, దాని కొసన గిరగిరా తిరిగే మూడు గిన్నెలు, ఎంత తిరిగాయో రాసుకునే చిన్న పెట్టె. వానాకాలమంతా దాన్ని అక్కడ ఉంచి, నెలకోసారి వెళ్ళి లెక్క తెచ్చుకోవాలి. గాలి బాగుంటే గాలిమరలు పెడతాం. లేకపోతే వాటి బదులు ఇంకొన్ని పలకలు, ఇంకొన్ని బ్యాటరీలు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

గొట్టాన్ని జీపు దగ్గర నుంచి ఊళ్ళోకి నలుగురు మోశారు. వాళ్ళలో ఒకడు చిన్నయ్య. ముప్పై లోపు వయసు. ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివాడు. అక్షరాలు ముత్యాల్లా రాస్తాడు, మనిషి చురుకు. గొట్టం నిలబెట్టాం, తాళ్ళు బిగించాం. తీరా చూస్తే కొసన గిన్నెలు పట్టి ఉంచే క్లాంపు లేదు. దారిలో ఎక్కడో మరిచిపోయి వచ్చాను.

చిన్నయ్య గొట్టాన్ని కిందనుంచి మీదకి ఒకసారి చూశాడు. "ఏటి బాబూ, పెళ్ళికొచ్చి పుస్తె మరిసిపోయినట్టుంది," అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చే వారం తెస్తానని చెప్పి గిన్నెలనూ పెట్టెనూ సంచిలో వేసుకుని దిగిపోయాను. గొట్టం మాత్రం అక్కడే ఉండిపోయింది. మేకలు ఒళ్ళు రాసుకోకుండా చిన్నయ్య దాని చుట్టూ ముళ్ళకంప కట్టాడని తర్వాత తెలిసింది. ఆ వానాకాలమంతా అతను ఒక ఖాళీ గొట్టానికి కాపలా కాశాడు.

అప్పుడు నేను పాతూళ్ళో, ఫిషింగ్ హార్బర్‌కు నడిచిపోయేంత దూరంలో, మస్తాన్ భాయి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఆయన వెల్డింగు షాపు. బోట్లకు కావలసిన ఇనప సామాను చేస్తాడు. క్లాంపు సంగతి చెబితే పది నిమిషాల్లో ఇంకొకటి చేసిచ్చాడు. సరిగ్గా పడుతుందో లేదో చూద్దామని గిన్నెలకు బిగించి, డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక కర్రకు కట్టాను. తిరిగాయి. బ్రహ్మాండంగా తిరిగాయి. మస్తాన్ భాయి లుంగీ ఎగదోసుకుంటూ పైకొచ్చి చూశాడు.

"ఏటి సాబ్, ఇక్కడ గాలి కొలుస్తన్నారా? ఇక్కడ గాలుందని సేపలెండబెట్టుకునే ఆడోళ్ళకి కూడా తెలుసు కదా. దానికి బీటెక్ ఎందుకు?"

ఒక్క రాత్రి పరీక్షకని కట్టినది. పొద్దున్నే విప్పాలి. పొద్దున్న వాన. వారం వాన. కొండ దారిలో కల్వర్టు కొట్టుకుపోయిందని కబురు. నిజమే, కొట్టుకుపోయింది. పది రోజుల్లో బాగుచేశారు కూడా. అది నాకు తెలుసు. కానీ జలగలున్నాయి, బురద ఉంది, ఆదివారం నిద్ర ఉంది. వచ్చే వారం అనేది ఎంత మంచి మాటంటే, దాన్ని ఎన్నిసార్లు వాడినా అరగదు.

మా మేనేజరు ఫోన్ చేశాడు. "రీడింగులెలా ఉన్నాయి?"

"బాగున్నాయి సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. రీడింగులు నిజంగానే బాగున్నాయి. ఎక్కడివో ఆయన అడగలేదు. ఈ రకం నిజాలతో ఎంత దూరం వెళ్ళవచ్చో ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నాను.

చివరికి ఆ పెట్టెలోని లెక్కలన్నీ కాగితాల మీదకు ఎక్కించి, ప్రతి పేజీ పైన ఒక్క మాట మార్చాను. ఊరి పేరు. అంతే. సముద్రం మీద నుంచి వచ్చి మస్తాన్ భాయి ట్యాంకును తాకిన గాలిని, కొండల మధ్య గిన్నె అడుగున ఉన్న ముప్పై గడపకు రాసిచ్చేశాను. మధ్యలో ఒక పూట గిన్నెలకు ఎవరిదో గాలిపటం దారం చుట్టుకుని ఆగిపోయాయి. రిపోర్టులో ఆ చోట "అడవి తీగ అల్లుకొనుట వలన" అని రాశాను. బాగా కుదిరిందని నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఫోటో కావాలంటే గొట్టం ఫోటో ఉండనే ఉంది. దూరం నుంచి తీసినది. కొసన గిన్నెలున్నాయో లేవో ఎవరు చూస్తారు? పరికరం స్టోరుకు తిరిగి ఇచ్చినప్పుడు దాని స్క్రూల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. స్టోరు కీపరు గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టాడు. కొండ మీద ఉప్పుగాలి ఎక్కడిదని అడగడం అతని పని కాదు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకు తొమ్మిదేళ్ళలో చాలా జవాబులు తయారుచేసుకున్నాను. కొన్ని వినడానికి బాగుంటాయి కూడా. పని ఒత్తిడి, వానలు, జీతం, వయసు. ఒక్కొక్కదాన్నీ వెలుతురులో పెట్టి చూస్తే మిగిలేది ఇదే: పెద్దగా ఏమీ కాదనుకున్నాను. గాలి గాలే కదా అనుకున్నాను. కొండ ఎత్తు కదా, ఎత్తులో ఇంకా ఎక్కువే ఉంటుంది, నేను రాసింది తక్కువేనేమో అని కూడా ఒకసారి అనుకున్నాను. అంటే ఆ ఊరికి మేలు చేస్తున్నానని. ఈ ఒక్క ఆలోచన గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

చలికాలం వచ్చేసరికి సామాను కొండెక్కింది. రెండు గాలిమరలు, పలకలు, బ్యాటరీలు, పిండిమర. రోజూ పలకలు తుడిచి, మీటర్లు చూసి, పుస్తకంలో రాసే ఆపరేటరుగా చిన్నయ్యను పెట్టాం. కంపెనీ తరఫున రెండు జేబుల ఖాకీ చొక్కా ఇచ్చాం. ఊళ్ళో మొదటి ఉద్యోగం అతనిదే.

గాలిమరల స్తంభాలు కూలీలు సామాను మోసుకొచ్చి దింపిన చోటే, ఊరి మధ్యలో పాతాం. అవి పాతుతుంటే చిన్నయ్య నా పక్కకు వచ్చాడు.

"బాబూ, ఒక మాట. మేం సోళ్ళు తూర్పారబట్టుకోడానికి అదిగో, ఆ గట్టు మీదికి ఎల్తాం. ఇక్కడ సేటెత్తితే పొట్టు మా కాళ్ళమీదే పడతాది. గాలి ఈ గుంటలోకి దిగదు."

అతను చూపించిన గట్టు అరకిలోమీటరు పైన ఉంది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు చేటలెత్తి గింజలు జారవిడుస్తున్నారు. పొట్టు పొగలా పక్కకు పోతోంది. కళ్ళారా చూశాను.

"మీ చేట కన్నా మా మిషను కొంచెం ఎక్కువ చదువుకుంది చిన్నయ్యా," అన్నాను.

"మరి గిన్నెలు తగిలించకుండానే కొలిసీసిందేటి?"

"అసలు మిషను గొట్టం లోపలే ఉంటుంది. గిన్నెలు అలంకారం."

"అదా," అన్నాడు. నమ్మాడు. చదువుకున్నవాడు చెబితే నమ్మాలని బళ్ళో నేర్పారు కదా.

ఆ ఎండాకాలం అంతా సక్రమంగా నడిచింది. సూర్యుడు ఒక్కడే రెండు షిఫ్టులూ చేశాడు. చైత్రంలో ఒకరోజు తనిఖీకని వెళ్ళాను. నేను రాబోతున్నట్టు ముందే కబురందింది. మిట్టమధ్యాహ్నం, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. చిన్నయ్య ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, జీలుగు కల్లు వద్దంటే మజ్జిగ ఇచ్చాడు. ఆ తర్వాత లోపలి నుంచి తువ్వాలులో చుట్టినదేదో తెచ్చి విప్పాడు. ఇస్త్రీ పెట్టె. సంతలో కొన్నాడట. కొత్తది, ఇంకా స్టిక్కరు కూడా ఊడలేదు.

"బాబూ, మీరు కాదనకపోతే ఈ సొక్కా ఒక్కటి రుద్దుకుంతాను. ఆపరేటరంటే కొంచెం బాగుండాల గదా. మీరు ఒద్దంటే ఒద్దు."

అడిగాడు. ఇది గుర్తుంచుకోవాలి. అడిగాడు.

"నిండిన బ్యాటరీకి ఇప్పుడొచ్చే కరెంటు ఎలాగూ వృథాయే," అన్నాను. "మధ్యాహ్నం పూట, ఎండ కాస్తున్నప్పుడు, పది నిమిషాలు రుద్దుకుంటే ఏమీ కాదు. రుద్దుకో."

"సాయంత్రం పూట?"

"సాయంత్రం వద్దు."

"మబ్బుంటే?"

"మబ్బుంటే అసలే వద్దు. మబ్బు రోజున ముడతల చొక్కాలోనే దొరవి నువ్వు."

నవ్వాడు. చాప మీద దుప్పటి మడిచి, చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, ఎంతో జాగ్రత్తగా రుద్దాడు. జేబుల దగ్గర నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రుద్దాడు. తొడుక్కుని నా ముందు నిలబడ్డాడు. "ఎలాగున్నాను బాబూ?" అని అడిగాడు. కలెక్టరులా ఉన్నావన్నాను. నేను జోకులేయని క్షణాల్లో అదొకటి.

ఆషాఢం వచ్చింది. కొండల మీద మబ్బు కప్పేసింది. ఎ షిఫ్టు వాడు దిగిపోయాడు. బి షిఫ్టు వాడు రాలేదు.

రెక్కలు తిరగలేదు. ఎప్పుడో ఒకసారి సోమరిగా ఒక చుట్టు తిరిగి ఆగేవట. మొదట పిండిమర ఆగింది. తర్వాత దీపాలు ఎర్రబడి, ఆరిపోయాయి. ఖాళీగా పడి ఉంటే బ్యాటరీలు పాడవుతాయి. పాడయ్యాయి. ఆడవాళ్ళు మళ్ళీ వానలో చోళ్ళ మూటలెత్తుకుని సంతకు దిగడం మొదలుపెట్టారు. ఈసారి ఎక్కువ బాధేసి ఉంటుంది. ఒకసారి మిగిలిన రోజు మళ్ళీ చేజారింది కదా.

ఆఫీసులో మీటింగు. ఎదురుగా నా కాగితాలే. వానాకాలంలో ఆ ఊళ్ళో గాలి మహా జోరు అని రాసి ఉంది. మేనేజరు పెన్నుతో బల్ల మీద కొడుతూ, "గాలి ఉంది. మరలు కొత్తవి. అయితే కరెంటెక్కడికి పోతోంది?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నలుగురూ అలా చూస్తే నాకు ఒక జోకు దానంతటదే వస్తుంది. అలవాటు.

"ఊళ్ళో ఎవరో ఇస్త్రీ షాపు తెరిచుంటారు సార్."

అందరూ నవ్వారు. మేనేజరు నవ్వలేదు. "ఇస్త్రీ పెట్టె ఉందా అక్కడ?" అన్నాడు.

ఇక్కడ ఆగాలి. ఇక్కడ నేను చాలాసార్లు ఆగాను, ఈ తొమ్మిదేళ్ళలో. ఊరికే అన్నాను సార్ అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా రాలేదు. నోటి దాకా వచ్చింది వేరే మాట. "ఆపరేటరు దగ్గర ఒకటి చూశాను," అన్నాను.

మేనేజరూ నేనూ వెళ్ళాం. బురదలో ఊరంతా బ్యాటరీ గది ముందు చేరింది. మేనేజరు కాగితాలు ఎత్తి చూపించాడు. గాలి ఉందని మిషను కొలిచింది, ఇదిగో రాసి ఉంది, బ్యాటరీని ఎవరో పిండేస్తే మర మాత్రం ఏం చేస్తుంది అన్నాడు. జనానికి సగం అర్థమైంది. కాగితం ఉందని మాత్రం పూర్తిగా అర్థమైంది.

"నీ దగ్గర ఇస్త్రీ పెట్టె ఉందా?" అని చిన్నయ్యను అడిగాడు.

"ఉందండి." వెళ్ళి తనే తెచ్చాడు. అదే తువ్వాలులో. అందరి ముందూ విప్పాడు. దాచుకోవాలన్న ఆలోచన అతనికి రాలేదు. ఎందుకొస్తుంది?

"ఎవరు వాడమన్నారు?"

చిన్నయ్య నా వైపు తిరిగాడు. భయంగా కాదు. తనవాడు పక్కనే ఉన్నాడన్న ధైర్యంతో. "ఈ బాబునడిగే వాడినానండి. ఎండ పూటే. మబ్బుంటే ఒద్దన్నారు, మబ్బులెట్టినకాడ్నుంచి ముట్టుకోలేదు."

మేనేజరు నన్ను చూశాడు. "నువ్వు చెప్పావా?"

"గుర్తు లేదు సార్," అన్నాను.

నా జీవితంలో నేనన్న మాటల్లో అతి చిన్నది అదేనేమో. అందులో జోకు కూడా లేదు.

చిన్నయ్య మొహంలో ఏదో ఆరిపోయింది అని రాస్తే మీకు నచ్చుతుంది. అలా ఏమీ జరగలేదు. అతను ఇస్త్రీ పెట్టెను మళ్ళీ తువ్వాలులో చుట్టుకున్నాడు, అంతే. గుంపులోంచి ఒక ముసలావిడ అంది: "మా పిండిమరని నీ సొక్కా తినీసిందిరా."

అక్కడికక్కడే ఖాకీ చొక్కా వెనక్కి తీసుకున్నారు. ఇస్త్రీ చేసి ఉందది. మడతపెట్టి ఇచ్చాడు.

ఇంకొకటుంది. అతను రోజూ రాసిన పుస్తకం. బ్యాటరీ గదిలో మేకుకు వేలాడుతోంది. మేనేజరు బయట మాట్లాడుతుంటే నేను తీసి చూశాను. ఆషాఢం నుంచి ప్రతి రోజూ, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒకే వరస. గాలి లేదు. మరలు తిరగలేదు. గాలి లేదు. మరలు తిరగలేదు. పేజీలకు పేజీలు. ఒక చోట మాత్రం, "ఇంజనీరు బాబుకు తెలియజేయవలెను" అని. మేనేజరు ఆ పుస్తకం చూసుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. దాన్ని నా సంచిలో పెట్టుకున్నాను. అప్పటి నుంచీ అది నా దగ్గరే, బీరువాలో, శీతాకాలం స్వెట్టర్ల కింద ఉంది. విశాఖపట్నంలో స్వెట్టర్ల కింద చెయ్యి పెట్టే అవసరం ఎవరికీ రాదు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? చాలా రోజులు అలాగే అనుకున్నాను. కాదు. తిట్టేవాడు, ఓ మెమో ఇచ్చేవాడు, అంతకన్నా ఏమీ అయ్యేది కాదు. నేను భయపడింది నవ్వుకు. ఆఫీసులో నలుగురినీ నవ్వించేవాణ్ణి నేను. కొండ గాలిని హార్బర్‌లో కొలిచినవాడని తెలిస్తే, రిటైరయ్యే దాకా నలుగురూ నన్ను చూసి నవ్వేవారు. ఆ నవ్వు నా మీద పడకుండా ఇంకొకడి మీదకు తిప్పాను. అదీ జరిగింది. తిప్పిన చోట అది పాతుకుపోయింది. ఊళ్ళో అతన్ని ఇస్త్రీ దొర అనడం మొదలుపెట్టారని ఆ పక్క ఊళ్ళకు వెళ్ళొచ్చే మా డ్రైవరు చెప్పాడు. చెప్పి నవ్వాడు. నేను కూడా... అవును. నవ్వాను.

రెండేళ్ళకు ఆ ఊరికి కరెంటు తీగ వచ్చింది. మా కంపెనీ మూతపడింది. గాలిమరలు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయట, తిరగకుండా. నేను ఉద్యోగం మారి ఇప్పుడు ఫ్యాక్టరీల పైకప్పుల మీద సోలార్ పెట్టిస్తున్నాను. ఎండ ఎంత కాస్తుందో కొలవడానికి మాత్రం ప్రతిసారీ నేనే పైకెక్కుతాను. అందరూ మెచ్చుకుంటారు.

పోయిన నెల అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపి, రిజిస్టరులో పేరు రాయమన్నారు. రాస్తూ తలెత్తాను. సెక్యూరిటీ గార్డు చిన్నయ్య. కణతల దగ్గర నెరిసింది. నీలం యూనిఫాం చొక్కా, చేతుల మీద కత్తిలా ఒక్కటే మడత. నేను తొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ మానేసి ఏదో ప్రాయశ్చిత్తం చేస్తున్నాననుకుంటున్నాను. అతను ఒక్క రోజు కూడా మానలేదు. ఎందుకు మానాలి?

అతను నా పేరు చదివాడు. నన్ను చూశాడు. ముడతల చొక్కా చూశాడు.

"ఏటి బాబూ, సొక్కా అలగుంది? ఇంట్లో అందరూ బాగేనా?"

బాగే అన్నాను. లోపలికి వెళ్ళిపోయాను. ఆ పని ముగించుకుని వెనక గేటు నుంచి బయటపడ్డాను. వెనక గేటు ఉందా అని అడిగి మరీ.

మూడు వారాలు పట్టింది. స్వెట్టర్ల కింద నుంచి పుస్తకం తీసి, పొద్దున్న షిఫ్టు దిగే వేళకు ఆ గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. అతను వచ్చాడు. చెప్పాను. క్లాంపు, మస్తాన్ భాయి డాబా, పేజీ పైన మార్చిన ఒక్క మాట, మీటింగులో వేసిన జోకు. రుద్దుకోమని చెప్పింది నాకు బాగా గుర్తుందని, ఆ రోజూ గుర్తుందని చెప్పాను. మధ్యలో ఒక్క జోకు కూడా వేయలేదు. వేయబోయి రెండుసార్లు ఆపుకున్నాను.

అతను టీ తాగుతూ విన్నాడు. అంతా అయ్యాక, "మాయమ్మ పోయినప్పుడు ఊరెల్లినాను," అన్నాడు. "దినాల్లో కూడా ఇస్త్రీ దొరనే పిలిసినారు. మూడ్రోజులుండి వొచ్చీసాను. మరెల్లలేదు. ఇటుకల పండక్కీ ఎల్లను."

ఇటుకల పండగంటే చైత్రంలో కొండ ఊళ్ళన్నీ ఒక్కటై చేసుకునే వేట పండగ. ఎక్కడున్నా మనిషి ఊరు చేరుకుంటాడు. పుస్తకం అతని ముందు పెట్టాను. తెరిచాడు. గాలి లేదు, మరలు తిరగలేదు. తన అక్షరాల మీద వేలు పెట్టి ఒక పేజీ మెల్లగా చదివాడు, కొత్తగా చదువు నేర్చుకుంటున్నవాడిలా. ఆ కాసేపు నాకు చాలా తేలికగా అనిపించింది. దాచను. మీకు ఇదంతా రాస్తున్నప్పుడు కూడా కొంచెం అలాగే ఉంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా ఉంది. ముల్లు ఊడిన చోట నాలుక ఇంకా తడుముకుంటూనే ఉంది, కానీ ముల్లయితే లేదు.

ఇది రాస్తుంటే ఆ పుస్తకం మళ్ళీ నా బల్ల మీదే ఉంది. ఎందుకంటే ఆ రోజు అతను దాన్ని మూసి, అట్ట మీద పడిన టీ చుక్కను చొక్కా చేతికి అంటకుండా జాగ్రత్తగా వేలితో తుడిచి, నా వైపు నెట్టేశాడు.

"నాను సెయ్యలేదని నాకు తెలుసు గదా బాబూ. నాకు సెప్తన్నారేటి? ఊర్లోకెల్లి సెప్పండి."